వారధి: రాయించడానికీ గీయించడానికీ ఒక చిన్న పైథాన్ లైబ్రరీ కట్టుకునే పద్ధతి

మా అక్క కోనసీమలో ఒక ప్రాథమిక పాఠశాలలో ఒకటి, రెండు తరగతుల పిల్లలకు చదువు చెబుతుంది. కిందటి వేసవి సెలవుల్లో నాకో పని పెట్టింది. "ఒరేయ్, నాలుగు వాక్యాల కథ, దానికో బొమ్మ, బొమ్మ కింద పెద్ద అక్షరాల్లో కథ. ఇలాంటి కార్డులు నలభై కావాలి. నేను మాట చెబితే కార్డు రావాలి. మధ్యలో ఏం జరుగుతుందో నాకక్కర్లేదు."

ఆ చివరి మాటనే కొలబద్దగా పెట్టుకుని, ఏఐ మోడళ్ళతో కథ రాయించి బొమ్మ గీయించే ఒక లైబ్రరీ కట్టాను. పేరు వారధి. మూడొందల వరుసలు దాటలేదు. ఒక్కో కంపెనీ ఏపీఐ (మన ప్రోగ్రాము ఆ కంపెనీ మోడలును నెట్ ద్వారా పిలిచే దారి) ఒక్కో తీరుగా ఉంటుంది కాబట్టి కష్టమంతా అక్కడే ఉంటుందనుకున్నాను. ఆ పని ఒక్క సాయంత్రంలో తెమిలిపోయింది. తర్వాత మూడు వారాలూ మన లిపి చుట్టూనే తిరిగాను. బైట్లు, టోకెన్లు (మోడలు మాటను విడగొట్టుకునే ముక్కలు), వత్తులు, ఫాంట్లు. అందుకే ఇక్కడ కూడా వాటికే ఎక్కువ చోటిస్తున్నాను.

లైట్ఎల్ఎల్ఎమ్, సైమన్ విల్లిసన్ రాసిన ఎల్ఎల్ఎమ్ వంటి మంచి లైబ్రరీలు ఇప్పటికే ఉన్నాయి. పెద్ద ప్రాజెక్టయితే వాటినే వాడండి. కానీ తెలుగు వాక్యం సగంలో తెగిపోయినప్పుడో, వత్తు పక్కకు జారినప్పుడో ఎక్కడ చెయ్యి పెట్టాలో తెలియాలంటే ఒక్కసారైనా సొంతంగా కట్టి చూడాలి.

మొదటి అడుగు: వాడే తీరు ముందు రాసుకోండి

లోపలి పని మొదలుపెట్టే ముందు, దాన్ని వాడేవాళ్ళు ఏం రాయాలో ఒక ఖాళీ ఫైలులో రాసి పెట్టుకోండి. నేను రాసుకున్నవి ఈ మూడు వరుసలు:

కథ = రాయి("కుందేలు బావిలో చందమామను చూసింది. నాలుగు చిన్న వాక్యాల్లో కథ చెప్పు.")
బొమ్మ = గీయి("బావి గట్టు మీద కుందేలు, నీళ్ళలో చందమామ నీడ")
కార్డు(కథ, బొమ్మ)

ఇది ఉదాహరణకని రాసింది కాదు, నిజంగా నడిచే కోడు. పైథాన్ 3 నుంచి ఫంక్షన్లకూ వేరియబుళ్ళకూ తెలుగు పేర్లు పెట్టుకోవచ్చు. గుణింతపు గుర్తులు, పొల్లు, సున్న అన్నీ చెల్లుతాయి. ఒక్క జాగ్రత్త తీసుకోవాలి. "ఇన్‌పుట్" లాంటి మాటల్లో పొల్లు పక్క అక్షరంతో కలిసిపోకుండా కీబోర్డు ఒక కనిపించని గుర్తును పెడుతుంది. దాని పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్. అది పేర్లలో ఉంటే పైథాన్ ఒప్పుకోదు, సింటాక్స్ ఎర్రరు ఇస్తుంది. కంటికి కనిపించదు కాబట్టి తప్పెక్కడుందో తెలియక గంటలు పోతాయి. పేర్లకు అచ్చ తెలుగు మాటలు ఎంచుకుంటే ఈ బెడదే ఉండదు.

బయటికి కనిపించేవి ఈ మూడు ఫంక్షన్లే. నాలుగోది పెట్టాలనిపించిన ప్రతిసారీ, అది అక్కకు అవసరమా, నా సరదానా అని అడిగి చూసుకున్నాను.

రెండో అడుగు: సామాను, తాళంచెవులు

పైథాన్ 3.10 లేదా ఆ తర్వాతిది, ఒక వర్చువల్ ఎన్విరాన్‌మెంట్, పిప్‌తో రెండు ప్యాకేజీలు: నెట్ పనికి హెచ్‌టీటీపీఎక్స్, బొమ్మల పనికి పిల్లో. ఇంతే.

ఏపీఐ కీని, అంటే కంపెనీ మీ ఖాతాకిచ్చే రహస్య సంకేతాన్ని, కోడులో రాయకండి. ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో పెట్టండి. ఫైలులో పెట్టుకుంటే ఆ ఫైలు పేరును గిట్ పట్టించుకోకూడని ఫైళ్ళ జాబితా అయిన గిట్ ఇగ్నోర్‌లో చేర్చాకే మొదటి కమిట్ చేయండి. బయటపడ్డ కీల కోసం పబ్లిక్ రిపోలను జల్లెడ పట్టే బాట్లు ఎప్పుడూ తిరుగుతూనే ఉంటాయి. పొరపాటున కీ వెళ్ళిపోతే తర్వాతి కమిట్‌లో చెరిపేసినా పాత కమిట్‌లలో అలాగే ఉంటుంది. వెంటనే ఆ కీని రద్దు చేసి కొత్తది తీసుకోవాలి. ఖాతాలో నెలవారీ ఖర్చుకు పరిమితి పెట్టుకునే వీలుంటే మొదటిరోజే పెట్టేయండి.

మోడళ్ళ పేర్లు కూడా కోడులో వద్దు. కంపెనీలు పాత మోడళ్ళను ఆపేస్తుంటాయి. పేర్లన్నీ ఒక సెట్టింగుల ఫైలులో ఉంటే ఒక్క వరుస మార్చితే సరిపోతుంది. రాసే మోడలుకూ గీసే మోడలుకూ వేర్వేరు వరుసలుండాలి. రెండు పనులూ ఒకే కంపెనీ ఇవ్వాలని లేదు.

మూడో అడుగు: మూడు యాసలు

ఓపెన్ఏఐ, ఆంత్రోపిక్, గూగుల్ జెమిని. మూడూ అడిగేది ఒకటే, అడిగే యాస వేరు. హెడర్ అంటే రిక్వెస్టు పైన అంటించే చీటీ. కీని ఓపెన్ఏఐ ఆథరైజేషన్ హెడర్‌లో బేరర్ అనే మాట తర్వాత పెట్టమంటుంది. ఆంత్రోపిక్‌కు ఎక్స్-ఏపీఐ-కీ అనే హెడర్ కావాలి, దాంతోపాటు 2023-06-01 అనే వర్షన్ తేదీ ఇంకో హెడర్‌లో ఇవ్వాలి. మోడలు ఎలా నడుచుకోవాలో చెప్పే సిస్టమ్ సూచన ఓపెన్ఏఐ దగ్గర మెసేజీల జాబితాలోనే ఒకటిగా వెళ్తుంది. ఆంత్రోపిక్, జెమినిల దగ్గర దానికి విడిగా ఒక గడి ఉంటుంది. మోడలు చెప్పిన మాటను మొదటి రెండూ అసిస్టెంట్ అని పిలుస్తాయి, జెమిని మోడల్ అంటుంది. జవాబుకు ఎన్ని టోకెన్లు మించకూడదో చెప్పకపోతే ఆంత్రోపిక్ రిక్వెస్టునే తిప్పికొడుతుంది.

ప్రతి కంపెనీకీ ఒక చిన్న క్లాసు రాయండి. దానికి రెండే పనులు: మన మాటను ఆ యాసలోకి మార్చి జేసన్ (పేరు, విలువ జతలుగా రాసే టెక్స్ట్ రూపం) తయారు చేయడం, వచ్చిన జేసన్ లోంచి జవాబును బయటికి తీయడం. నెట్‌లో పంపడం, ఆగడం, మళ్ళీ ప్రయత్నించడం వంటివి ఈ క్లాసుల్లోకి రానివ్వకండి. అవన్నీ ఒకేచోట ఒక్కసారి రాసుకోవాలి.

డబ్బు ఖర్చు లేకుండా నేర్చుకోవాలంటే మోడళ్ళను సొంత కంప్యూటర్లోనే నడిపే ఒలామా అనే ప్రోగ్రామును పెట్టుకోండి. అది 11434 పోర్టులో వింటుంది, ఓపెన్ఏఐ యాసను అర్థం చేసుకుంటుంది. అడ్రసు మార్చితే చాలు, ఓపెన్ఏఐ కోసం రాసిన క్లాసే దానికీ పనిచేస్తుంది. చిన్న మోడళ్ళు రాసే తెలుగు అక్కకు చూపించేలా ఉండదు, కానీ కోడు సరిగ్గా నడుస్తోందా అని చూసుకోవడానికి బాగా పనికొస్తుంది.

క్లాసు ఉత్త జవాబును మాత్రమే తిరిగివ్వకూడదు. జవాబు, ఎన్ని టోకెన్లు ఖర్చయ్యాయి, ఎందుకు ఆగింది, ఈ మూడూ కలిపి ఇవ్వాలి. "ఎందుకు ఆగింది" అన్నది ఎంత ముఖ్యమో ఇప్పుడు చూద్దాం.

నాలుగో అడుగు: తెలుగు ఎంత చోటు తింటుంది

నాకు వచ్చిన మొదటి కథ ఇలా ముగిసింది: "కుందేలు మెల్లగా బావిలోకి తొంగి చూ". అక్కడితో సరి. ఎర్రరు లేదు, హెచ్చరిక లేదు. రెస్పాన్సు అంతా బాగుందనే 200 నంబరుతో చక్కగా వచ్చింది.

ఇంగ్లిషు కథలతో పరీక్షించినప్పుడు సరిపోయిన టోకెన్ల పరిమితినే తెలుగుకీ వదిలేశాను, అదీ నా తప్పు. "తెలుగు" అనే మాటనే తీసుకోండి. మన కంటికి మూడక్షరాలు. యూనికోడ్‌లో తకారం, ఎత్వం, లకారం, కొమ్ము, గకారం, కొమ్ము కలిపి ఆరు. పైథాన్‌లో పొడవు అడిగితే 6 అనే చెబుతుంది. కంప్యూటర్లో అక్షరాలు దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కోదానికి మూడు బైట్లు, మొత్తం 18. మోడళ్ళ టోకెనైజర్లు చాలావరకు బైట్ల నుంచి మొదలై, శిక్షణలో ఎక్కువగా కనిపించిన ముక్కల్ని కలుపుకుంటూ పోతాయి. తెలుగు తక్కువగా కనిపించిన టోకెనైజరులో మన మాట ముక్కలు ముక్కలుగానే మిగిలిపోతుంది.

ఈ తేడా ఎంతుంటుందో ఓపెన్ఏఐ తనే చూపించింది. 2024 మేలో జీపీటీ-4ఓ విడుదల చేస్తూ, ఒక తెలుగు నమూనా వాక్యానికి పాత టోకెనైజరులో 159 టోకెన్లు పడితే కొత్తదాంట్లో 45 చాలని ప్రకటించింది. అంటే టోకెనైజరు మారితేనే ఖర్చు మూడున్నర రెట్లు తగ్గింది. కాబట్టి రెండు మోడళ్ళ ధరలు పోల్చేటప్పుడు "పది లక్షల టోకెన్లకు ఇంత" అన్న అంకె చూసి మోసపోకండి. మీ తెలుగు పేరా ఒకటి రెండింటికీ పంపి, రెస్పాన్సులో వచ్చే టోకెన్ల లెక్కతో గుణించి చూసుకోండి.

లైబ్రరీలో ఏం చేయాలంటే, ముందు పరిమితిని ఉదారంగా పెట్టండి. తర్వాత "ఎందుకు ఆగింది" చూడండి. పరిమితి అయిపోయి ఆగితే ఓపెన్ఏఐ లెంగ్త్ అని, ఆంత్రోపిక్ మ్యాక్స్ టోకెన్స్ అని చెబుతాయి. రెండింటినీ మీ లైబ్రరీలో "తెగింది" అనే ఒకే మాటకు మార్చుకోండి. తెగితే పరిమితిని రెట్టింపు చేసి ఒక్కసారి మళ్ళీ అడగాలి. అప్పుడూ తెగితే ఎర్రరు ఇవ్వాలి. సగం కథను మాత్రం బయటికి పంపకూడదు.

ఇదే బైట్ల గొడవ స్ట్రీమింగ్‌లో ఇంకో రూపంలో వస్తుంది. జవాబు ముక్కలుగా వస్తున్నప్పుడు ఒక ముక్క సరిగ్గా అక్షరం మధ్యలో తెగవచ్చు. మూడు బైట్లలో రెండు ఈ ముక్కలో, ఒకటి తర్వాతి ముక్కలో ఉంటాయన్నమాట. ముక్కను ముక్కగా డీకోడ్ చేస్తే నల్ల వజ్రంలో ప్రశ్నార్థకం కనిపిస్తుంది, లేదా ప్రోగ్రామే ఆగిపోతుంది. ఇంగ్లిషులో అక్షరానికి ఒకటే బైటు కాబట్టి అక్కడ ఇది బయటపడదు. హెచ్‌టీటీపీఎక్స్‌లో ముడి బైట్లు తీసుకోకుండా వరుసల వారీగా చదివే పద్ధతి వాడితే సగం అక్షరాన్ని అదే పట్టి ఉంచుతుంది. కార్డుల పనికి స్ట్రీమింగ్ అవసరమే లేదు, నేను తీసేశాను.

ఐదో అడుగు: ఆగడం, మళ్ళీ అడగడం

పైథాన్‌లో అందరూ వాడే రిక్వెస్ట్స్ లైబ్రరీకి టైమౌట్ (ఎంతసేపు ఎదురుచూడాలనే గడువు) మనం చెప్పకపోతే అసలు ఉండదు, ఎంతసేపైనా అలాగే కూర్చుంటుంది. హెచ్‌టీటీపీఎక్స్ దానికి వ్యతిరేకం. ఐదు సెకన్లకే చేతులెత్తేస్తుంది, బొమ్మ గీయడానికి అది చాలదు. కనెక్షనుకు 10 సెకన్లు, జవాబు చదవడానికి 120 సెకన్లు పెట్టండి.

ఎర్రరు నంబర్లను రెండు కుప్పలుగా విడగొట్టండి. 400, 401, 403, 404 వస్తే తప్పు మన దగ్గరుంది, ఎన్నిసార్లు అడిగినా అదే జవాబు. వెంటనే ఆగి, "కీ తప్పు", "ఆ పేరుతో మోడలు లేదు" అని తెలుగులో చెప్పాలి. 429, 500, 502, 503, ఆంత్రోపిక్ ఇచ్చే 529 వస్తే అవతల రద్దీగా ఉందనో ఏదో ఇబ్బందనో అర్థం, కాసేపాగి మళ్ళీ అడగాలి. రిట్రై ఆఫ్టర్ అనే హెడర్ ఉంటే అది చెప్పినంతసేపు ఆగండి. లేకపోతే 1, 2, 4, 8 సెకన్లు, ప్రతిదానికీ కొంచెం యాదృచ్ఛికంగా కలపండి. నాలుగుసార్లు చాలు.

బొమ్మల విషయంలో ఇంకో మాట. మన వైపు టైమౌట్ అయినంత మాత్రాన అవతల పని ఆగిపోయిందని కాదు. అక్కడ బొమ్మ పూర్తయి బిల్లు పడి ఉండవచ్చు. అందుకని టైమౌట్ తర్వాత "గీయి" తనంతట తాను ఒక్కసారి మించి ప్రయత్నించకుండా కట్టేశాను.

ఆరో అడుగు: బొమ్మ

బొమ్మ మూడు రూపాల్లో రావచ్చు. కొన్ని సర్వీసులు ముడి బైట్లే ఇస్తాయి. కొన్ని బేస్ 64 అక్షరాలుగా మార్చి జేసన్‌లో పెడతాయి, దానివల్ల సైజు మూడో వంతు పెరుగుతుంది. కొన్ని లింకు ఇస్తాయి. "గీయి" నుంచి మాత్రం ఎప్పుడూ బైట్లే రావాలి. లింకు వస్తే అప్పటికప్పుడే దించుకోండి. నేను ఒక రాత్రి పదిహేను లింకులు ఫైలులో రాసి పెట్టుకుని పొద్దున్నే చూస్తే ఒక్కటీ తెరుచుకోలేదు. అలాంటి లింకులు కొద్దిసేపటికే గడువు తీరిపోతాయి. పదిహేను బొమ్మలకూ మళ్ళీ డబ్బు కట్టాను.

బైట్లు చేతికొచ్చాక అది నిజంగా బొమ్మేనా అని చూడండి. పీఎన్‌జీ ఫైలులో మొదటి బైటు 137, తర్వాత మూడూ పీ, ఎన్, జీ అక్షరాలు. జేపెగ్ అయితే 255, 216తో మొదలవుతుంది. ఈ రెండు వరుసల తనిఖీ లేకపోతే ఎర్రరు పేజీనే బొమ్మ పేరుతో దాచుకునే ప్రమాదముంది.

ఇక తెలుగులో చెప్పిన మాట బొమ్మ మోడలుకు ఎలా చేరుతుందో చూద్దాం. స్టేబుల్ డిఫ్యూజన్ తొలి వర్షన్లలో మాటను చదివే భాగం క్లిప్. అది ఎక్కువగా ఇంగ్లిషు మీద తయారైంది, 77 టోకెన్లకు మించి తీసుకోదు. మొదలు, చివర గుర్తులు పోగా మిగిలేది 75. తెలుగు అక్షరాలు బైట్లుగా విడిపోయి కొద్ది మాటలకే ఆ గది నిండిపోతుంది, పైగా ఆ ముక్కల అర్థం దానికి తెలియదు. కొత్త మోడళ్ళు కొంత మెరుగు. అయినా నేను "గీయి" లోపల ముందు "రాయి"ని పిలుస్తాను. అది తెలుగు మాటను ఇంగ్లిషు వర్ణనగా మార్చి ఇస్తుంది, ఆ వర్ణన బొమ్మ మోడలుకు వెళ్తుంది.

ఉత్త అనువాదం మాత్రం చాలదు. బావిని ఇంగ్లిషులోకి మార్చి పంపితే చుట్టూ పచ్చిక, పైన చిన్న పెంకుల కప్పు, చెక్క బకెట్టుతో ఏదో విదేశీ పిల్లల కథలో బావి వచ్చింది. కోనసీమ పిల్లలు దాన్ని చూసి ఇల్లు అనుకుంటారంది అక్క. అప్పుడు అనువాద సూచనలో ఇలా రాశాను: "వస్తువు పేరు మాత్రమే చెప్పకు. గోదావరి ఊళ్ళలో అది ఎలా ఉంటుందో ఆకారం, రంగు, దేనితో చేశారో వర్ణించు. బావి అంటే గుండ్రటి ఒర, అడ్డంగా వేసిన దూలానికి ఇనప గిలక, దాని మీదుగా చేంతాడు, చివర ఇత్తడి చేద." ఆ తర్వాత వచ్చిన బొమ్మలో గిలక మరీ పెద్దదైపోయింది గానీ, బావి మన బావే. మీ పిల్లలు ఏ ఊరివాళ్ళయితే ఆ ఊరి వస్తువులు రాయండి.

అదే సూచన చివర "బొమ్మలో ఎక్కడా అక్షరాలు వద్దు" అని చేర్చండి. బొమ్మ మోడళ్ళతో తెలుగు రాయించకండి. తెలుగులా కనిపించే గీతలు వస్తాయి. అక్షరాలు దిద్దుకుంటున్న ఆరేళ్ళ పిల్లకు అవి చూపించడం అన్యాయం.

ఏడో అడుగు: అక్షరాలు పేర్చడం

అక్షరాలు మనమే పిల్లోతో వేస్తాం. అన్నిటికంటే ఎక్కువ రోజులు పట్టింది ఇక్కడే.

పిల్లోకు అక్షరాలు పేర్చే పద్ధతులు రెండున్నాయి. బేసిక్ పద్ధతి యూనికోడ్ ముక్కల్ని వచ్చిన వరుసలో ఒకదాని పక్కన ఒకటి పెట్టేస్తుంది. ఇంగ్లిషుకు అది చాలు. మన "స్త్రీ" అందులో సకారం, పొల్లు, తకారం, పొల్లు, రేఫం, చివర గుడి దీర్ఘం అన్నీ విడివిడిగా, తప్పిపోయిన పిల్లల్లా నిలబడతాయి. రెండోది రాక్మ్. అది లోపల హార్ఫ్‌బజ్‌ను వాడుతుంది. వత్తు కిందికి, గుడి పైకి వెళ్ళాలని ఫాంటులో రాసిన నియమాలను చదివేది హార్ఫ్‌బజే.

పిల్లో 8.2 నుంచి పిప్‌తో వచ్చే ప్యాకేజీలోనే రాక్మ్ ఉంటోంది, కానీ దానికి కావలసిన ఫ్రిబిడి అనే ఇంకో లైబ్రరీ మన మెషీన్లో ఉండాలి. ఉబుంటులో దాన్ని ఆప్ట్‌తో పెట్టుకోవచ్చు, విండోస్‌లో దాని డీఎల్ఎల్ ఫైలు విడిగా కావాలి. రాక్మ్ దొరకకపోతే పిల్లో పని ఆపదు, బేసిక్‌తోనే వేసేస్తుంది. అందుకే లైబ్రరీ మొదలయ్యేటప్పుడే పిల్లోలోని ఫీచర్స్ మాడ్యూల్‌ను రాక్మ్ ఉందా, ఫ్రిబిడి ఉందా అని అడగండి. రెండిట్లో ఏది లేకపోయినా అక్కడే ఆపేయండి. నా లాప్‌టాప్‌లో బాగున్న కార్డు అక్క కంప్యూటర్లో వత్తులు విరిగి వచ్చింది, కారణం ఇదే.

ఫాంటు కోసం గూగుల్ ఫాంట్స్‌లో చూడండి. సిలికానాంధ్ర ద్వారా వచ్చిన మండలి, రామభద్ర, మల్లన్న, సూరన్న, ఎన్టీఆర్ అక్కడ ఉచితంగా ఉన్నాయి. కథకు నేను మండలి తీసుకున్నాను. గుండ్రంగా ఉంటుంది, దూరం నుంచి కూడా తలకట్టుకూ గుడికీ తేడా తెలుస్తుంది. శీర్షికకు లావుగా ఉండే రామభద్ర బాగుంటుంది.

వరుసలు విరవడానికి అక్షరాలు లెక్కపెట్టకండి, వెడల్పు కొలవండి. "చూసిందనుకుందట" లాంటి మాట ఒక్కటే సగం వరుస తీసుకోవచ్చు. ఖాళీల దగ్గర మాత్రమే విరవండి. మాట పట్టకపోతే ఫాంటు సైజు తగ్గించండి గానీ మాటను విరవకండి. వరుసల మధ్య పిల్లో మామూలుగా వదిలేది 4 పిక్సెళ్ళు. అది పెడితే పై వరుస వత్తులు కింది వరుస గుడుల మీద ఎక్కి కూర్చుంటాయి. ఫాంటు సైజులో మూడో వంతు వదలండి.

ఎనిమిదో అడుగు: దాచుకోవడం

ఫాంటు సైజు మార్చిన ప్రతిసారీ బొమ్మను మళ్ళీ గీయించక్కర్లేదు. మోడలు పేరు, అడిగిన మాట, సెట్టింగులు కలిపి షా-256 హాష్ (ఒక్క అక్షరం మారినా మారిపోయే, వేలిముద్ర లాంటి సంఖ్య) తీసి, ఆ పేరుతో జవాబును ఒక ఫోల్డరులో దాచండి. తర్వాత అదే మాట వస్తే అక్కడి నుంచే ఇవ్వండి.

హాష్ తీసే ముందు మాటను, ఒకే అక్షరాన్ని ఎప్పుడూ ఒకే తీరుగా రాసే ఎన్ఎఫ్‌సీ రూపానికి మార్చండి. తెలుగు ఐత్వాన్ని యూనికోడ్‌లో ఒకే గుర్తుగానూ రాయవచ్చు, ఎత్వం కింద ఇంకో గుర్తు చేర్చి రెండుగానూ రాయవచ్చు. కంటికి రెండు "పై"లూ ఒకటే, హాష్‌కు వేరు. ఫోనులో రాసిన మాటా కంప్యూటర్లో రాసిన మాటా కలవకపోతే ముందు ఇదే చూడండి.

ఫైలు తెరిచిన ప్రతిచోటా ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని రాయండి, విండోస్‌లో మామూలుగా ఉండేది వేరేది. జేసన్ దాచేటప్పుడు ఎన్‌ష్యూర్ ఆస్కీని ఫాల్స్ చేయండి. లేకపోతే కథంతా బ్యాక్‌స్లాష్‌లు, అంకెలతో నిండి, తెరిచి చదివేవాళ్ళకు ఒక్క ముక్క అర్థం కాదు.

తొమ్మిదో అడుగు: చూసేవాళ్ళ చేతికివ్వడం

కోడును పరీక్షించడానికి నెట్ అక్కర్లేదు. ఎప్పుడూ ఒకే జవాబిచ్చే ఉత్తుత్తి క్లాసు ఒకటి రాసి దాంతో నడిపించండి. ఆ జవాబులో "స్త్రీ", "రాష్ట్రం", "జ్ఞానం", "లక్ష్మి" అన్నీ ఉండేలా చూసుకోండి. వీటికి కార్డు సరిగ్గా వచ్చిందంటే మిగతా మాటలకూ దాదాపుగా వస్తుంది.

తెలుగు బాగుందో లేదో మాత్రం మనిషే చూడాలి. మోడలు ఒక వాక్యంలో "కుందేలు వచ్చింది" అని, తర్వాతి వాక్యంలో "అతను నీళ్ళు చూశాడు" అని రాస్తుంది. "చందమామ" అని మొదలుపెట్టి మధ్యలో "చంద్రుడు" అంటుంది, ఒకటో తరగతి పిల్లలు ఇద్దరనుకుంటారు. అందుకే "కార్డు" ఫంక్షను ఏదీ ప్రింటరుకు పంపదు. "చూడాలి" అనే ఫోల్డరులో పెడుతుంది. అక్క చదివి, బాగుంటే "సరే" అనే ఫోల్డరులోకి జరుపుతుంది.

బాగోకపోతే ఎందుకు బాగోలేదో పక్కనే ఉన్న టెక్స్ట్ ఫైలులో ఒక వరుస రాస్తుంది. "రాయి" ప్రతిసారీ ఆ ఫైలు చదివి సిస్టమ్ సూచనకు చేరుస్తుంది. సూచన మారింది కాబట్టి అది కూడా హాష్‌లోకి వెళ్ళాలి, లేకపోతే పాత కథే తిరిగి వస్తుంది. ఇప్పుడా ఫైలులో ఇరవై ఆరు వరుసలున్నాయి. మొదటిది: "కుందేలు వచ్చింది, చూసింది, నవ్వింది. వచ్చాడు అనకు." నిన్న చేర్చినది: "చేద అను, బకెట్టు అనకు. మా పిల్లలకు చేద తెలుసు."